మలుపు చేలో ఏనుగు బోర్డు

ఇప్పమాను తండా,
సారపాక పోస్టు,
18-6-1987

తమ్ముడు హీరాలాల్‌కు అక్క మంగ్లి రాస్తున్నది.

ఉత్తరం మొదట్లో అందరం బాగున్నామని రాయాలి. బాగుంటే రాసేదాన్నే.

మొన్న సోమవారం పొద్దున అంగన్‌వాడీలో పిల్లలకు ఉప్మా పెడుతున్నాను. దస్రు పెండ్లాం ఉరికొచ్చి, "మంగ్లక్కా, మీ మలుపు చేన్ల లారీ దిగింది, జల్దీ రా" అన్నది. గరిటె అక్కడే పడేసి పోయాను. పోయేసరికి ఆరుగురు మనుషులు నా చేలో గుంతలు తవ్వుతున్నారు. కంది విత్తనం వేసి పది రోజులు కాలేదు. మొలక ఆకు విప్పుతున్నది. లారీ దాని మీదుగానే వచ్చి దాని మీదుగానే తిరిగింది.

"ఏంది గిది? ఎవర్నడిగి తవ్వుతున్రు?" అన్నాను.

మేస్త్రీ నా వైపు చూడనైనా చూడలేదు. "సర్కారు జాగ. సర్కారు పర్మిట్ ఉన్నది. నువ్ పోయి సర్కార్నే అడుగు" అన్నాడు.

సాయంత్రానికి నాలుగు ఇనుప స్తంభాలు లేచాయి. మర్నాడు వాటి మీద రేకు బిగించారు. ఇంటి గోడంత బోర్డు. ఐరావతం సిమెంటట. తెల్ల ఏనుగు తొండం ఎత్తి నవ్వుతున్నది. భద్రాచలం పోయే ప్రతి బస్సూ మలుపులో మెల్లగా తిరుగుతుంది కదా, అందరూ తలలు బయటపెట్టి చూస్తున్నారు. నా అంగన్‌వాడీ పిల్లలైతే పాఠం మానేసి ఏనుగు కాళ్లు లెక్కపెడుతున్నారు. వాళ్ల మీదా కోపం వస్తున్నది నాకు.

బాపు గోప్యా నాయక్ పేరున డెబ్బై ఎనిమిదిలో పట్టా వచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. గొలుసు పట్టుకుని కొలిచారు. హద్దు రాయి పాతారు. బాపు పోయాక నువ్వే ఆఫీసులో నిలబడి, "నాకు నౌకరి ఉంది, చేను అక్క పేరున చేయండి" అని సంతకం పెట్టావు. ఆ హద్దు రాయి ఇప్పుడు రోడ్డు పక్క కాలువలో పడి ఉంది.

సర్కారు అంటే నాకు తెలిసిన మనిషివి నువ్వొక్కడివే. రోడ్ల ఆఫీసులోనే పని చేస్తున్నావు. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఈ పర్మిట్ ఎవడిచ్చాడు? నన్నడగకుండా ఎట్లా ఇచ్చాడు?

పూలికి ఎన్నో నెల? జాగ్రత్తగా చూసుకో.

మీ అక్క
మంగ్లి

*

ఖమ్మం,
25-6-1987

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. పూలికి ఏడో నెల. కాళ్లకు నీరు వస్తున్నదని దవాఖానాలో ఉప్పు తగ్గించమన్నారు. మిగతా అంతా బాగానే ఉంది. ఇక్కడ వానలు ఇంకా సరిగ్గా పడలేదు.

బోర్డు సంగతి. తొందరపడకు. రోడ్డు మధ్య నుంచి రెండు వైపులా కొంత జాగా ప్రభుత్వానిది. దాన్ని మార్జిన్ అంటారు. మలుపుల దగ్గర అది ఎక్కువ ఉంటుంది. మనం తరాలుగా దున్నుకుంటున్నా కాగితంలో అది రోడ్డుదే కావచ్చు. కొలతలు చూడకుండా ఎవరూ పర్మిట్ ఇవ్వరు. ఆ బోర్డుల కాంట్రాక్టరు వెంకటప్పయ్య గారు మంచి మనిషే. నేను వారితో మాట్లాడి నీకు నెలకు కొంత కిరాయి వచ్చేటట్టు చూస్తాను. నాలుగు స్తంభాల కింద ఎంత కంది పండుతుంది చెప్పు? కిరాయి వస్తే అంతకంటే లాభమే.

వాళ్ల మనుషులతో గొడవ పెట్టుకోవద్దు. బావకు కూడా చెప్పు. బావకు కోపం జాస్తి. పేపరు మిల్లులో కాంట్రాక్టు పని, ఎవరైనా ఒక్క మాట చెప్తే రేపటి నుంచి రావద్దంటారు.

సీత్లా పండక్కు రాలేను. సెలవు దొరకదు. బాపూ యాడీ ఉన్నప్పుడు యాడి చేసినట్టే చెయ్యి.

తమ్ముడు
హీరాలాల్

*

ఇప్పమాను తండా,
9-7-1987

హీరాలాల్‌కు,

సీత్లా పండుగ అయిపోయింది. యాడి చేసినట్టే చేశాను. నువ్వు చెప్పకపోయినా చేసేదాన్ని.

నీ ఉత్తరం మీ బావ సోమ్లాకు చదివి వినిపించాను. విని, "గిది నీ తమ్ముడు రాసిండా, ఆ కాంట్రాక్టరు రాసిండా?" అన్నాడు.

నేనూ సోమ్లా తాడు పట్టుకుని కొలిచాం. రోడ్డు మధ్య నుంచి బోర్డు మొదటి స్తంభానికి డెబ్బై రెండు అడుగులు. ఇంత మార్జిన్ ఈ రోడ్డుకు ఎక్కడుంది? అటు పక్క రెడ్డిగారి మామిడి తోటకు ముప్ఫై అడుగుల దగ్గరే కంచె వేశారు. ఏనుగుకు మాత్రం గిరిజనుల చేలోనే మార్జిన్ దొరికిందా?

తర్వాత మండలాఫీసుకు పోయాను. మూడు రోజులు తిప్పి, నాలుగో రోజు పర్మిట్ నకలు ఇచ్చారు. సర్వే నంబరు నా చేనుదే. పక్కన "రోడ్డు మార్జిన్, ప్రభుత్వ భూమి" అని ఉంది. కింద ఎడమ చేతి మూలన చీమంత అక్షరాలు రెండు ఉన్నాయి. ఇవేమిటని అటెండర్ను అడిగాను.

"టైపు కొట్టినోళ్ల పొడి అక్షరాలమ్మా అవి. ఎవరు కొట్టిన్రో తెల్వాలె గద" అన్నాడు.

హీ. లా.

మీ ఆఫీసులో హీరాలాల్‌లు ఎంతమంది ఉన్నారు? నేను రాసిన మొదటి ఉత్తరానికి జవాబుగా నాలుగు పేజీల మార్జిన్ పాఠం చెప్పినా వినేదాన్ని. కానీ ఈ ఒక్క మాట ఎందుకు రాయలేదు? "అక్కా, ఆ కాగితం నా చేతి మీదుగానే పోయింది" అని. ఇంత చిన్న మాట.

జవాబు వెంటనే రాయి. కిరాయి గురించి రాయకు.

మంగ్లి

*

ఖమ్మం,
17-7-1987

అక్కకు,

అవును, టైపు చేసింది నేనే. రోజుకు నలభై కాగితాలు కొడతాను. రాసిచ్చింది కొట్టడమే నా పని, అందులో నిజమెంతో అడగడం నా పని కాదు. సర్వే నంబరు మీద ఎవరి పేరూ ఉండదు. అది మన చేనని నాకు ఎట్లా తెలుస్తుంది? నువ్వు దొంగను పట్టుకున్నట్టు రాశావు.

నేను ఈ సెక్షన్‌కు వచ్చి రెండేళ్లు. తండా నుంచి వచ్చినవాడినని ఇప్పటికీ టీ తాగిన గ్లాసు పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు ఇక్కడ. వాళ్ల మధ్యలో కూర్చుని పని చేస్తున్నాను. నా అక్క మండలాఫీసుకు పోయి గొడవ చేసిందన్న మాట నువ్వు ఉత్తరం రాయకముందే మా సూపరింటెండెంటుకు చేరింది. "ఏమయ్యా, మీ అక్క పెద్ద లాయరంట గద" అని అందరి ముందూ నవ్వాడు.

అయినా నీ కోసమే తిరిగాను. ఇందులో ఒక దరఖాస్తు పెడుతున్నాను. వెంకటప్పయ్య గారి గుమాస్తా రాసిచ్చాడు. నువ్వు సంతకం పెట్టి పంపితే నెలనెలా కిరాయి ఇస్తారు. పంట నష్టం కూడా ఇస్తారు. ఇంతకంటే ఏ కోర్టూ ఇవ్వదు. సంతకం పెట్టి పంపు, ఈ గొడవ ఇక్కడితో వదిలెయ్యి.

హీరాలాల్

*

ఇప్పమాను తండా,
27-7-1987

హీరాలాల్‌కు,

ఈసారి ఉత్తరం నీ ఆఫీసు అడ్రసుకు రాస్తున్నాను. ఎందుకో కింద చెప్తాను.

నువ్వు పంపిన దరఖాస్తు చదివాను. నువ్వు చదివావా? చదవకుండా అక్కకు పంపావా? చదివే పంపావా? ఈ రెండింటిలో ఏది నిజమైనా నాకు నిద్ర పట్టదు. మూడో వరస చూడు: "పై ప్రభుత్వ భూమిని నేను అక్రమంగా ఆక్రమించుకుని సాగు చేసుకుంటున్నాను. బోర్డు విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు." నాకు ఏడో తరగతి దాకా చదువు రావడం వాళ్ల ఖర్మ. లేకపోతే వేలిముద్ర వేసి, బాపు పట్టాను నా చేత్తోనే చింపేసేదాన్ని. ఇవాళ నాలుగు స్తంభాల జాగా. రేపు "ఆక్రమణదారు" అన్న మాట పట్టుకుని చేనంతా లాక్కుంటారు. ఆ తర్వాత తండాలో రోడ్డు పక్కన చేను ఉన్న తొమ్మిది ఇళ్లవాళ్ల సంగతేంది?

సోమ్లా నీతో ముఖాముఖి మాట్లాడతానని మొన్న ఆదివారం ఖమ్మం వచ్చాడు. నువ్వు క్యాంపుకు పోయావట. నీ ఇంటి గేటు మీద పేరు చదవడానికి సోమ్లాకు చదువు రాదు, పక్కన సోడా కొట్టువాడిని అడిగాడు. "గిది వెంకటప్పయ్య గారి ఇల్లు. ఎనక పోర్షన్ల గవర్నమెంటాయన కిరాయికుంటడు" అన్నాడట. పూలి బయటికొచ్చి, "అన్నా, లోపలికి రా, తిని పో" అని ఎంత బతిమాలినా ఈయన గడప తొక్కలేదు. మంచినీళ్లు కూడా తాగలేదు. పూలి ఏడ్చిందట. ఆ పిల్ల ఏడుపు నా మీద పడకూడదని రాస్తున్నాను, దానికి చెప్పు.

నువ్వు ఉంటున్నది వాడి ఇంట్లో. నువ్వు టైపు కొట్టింది వాడి పర్మిట్. నాకు పంపింది వాడి దరఖాస్తు. నాకు ఇంకేం మిగిల్చావు? చేను నా పేరున రాసినందుకు ఇప్పుడు బాధపడుతున్నావా? ఆ మాటైనా నా ముందు చెప్పు.

దరఖాస్తు నాలుగు ముక్కలు చేసి ఇందులోనే పెడుతున్నాను.

మంగ్లి

*

ఖమ్మం,
5-8-1987

అక్కకు,

నువ్వు ఆఫీసుకు రాసిన ఉత్తరం సూపరింటెండెంటు విప్పి చదివాడు. చింపిన ముక్కలు నా టేబుల్ మీద వరసగా పేర్చి పెట్టాడు. అందరూ చూశారు.

ఇక నాకు ఉత్తరాలు రాయవద్దు. కొన్నాళ్లు నేను కూడా రాయను. కారణం అడగవద్దు.

హీరాలాల్

*

ఇప్పమాను తండా,
14-9-1987

హీరాలాల్‌కు,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. నీ ఇంటికే రాస్తున్నాను, మీ ఇంటాయన కూడా చదువుకోవచ్చు.

తీజ్ పండుగకు గోధుమ మొలకల బుట్టలు తల మీద పెట్టుకుని ఆడపిల్లలు వాగుకు పోతుంటే మలుపు దగ్గర జీపు ఆపి ఎవరో ఫొటోలు తీశారు. వెనకాల ఏనుగు పడేటట్టు నిలబడమన్నారట. పిల్లలు నిలబడ్డారు. వాళ్లను ఏమనను?

భద్రాచలంలో ఏజెన్సీ భూముల కేసులు చూసే కోర్టులో అర్జీ వేశాను. గిరిజనుల భూమిని బయటివాళ్లు కొనడానికే కాదు, కిరాయికి తీసుకోవడానికి కూడా చట్టం ఒప్పుకోదట. ముసలయ్య అని కోయ దొర ఒకాయన ఉన్నాడు. పొలం కేసు పన్నెండేళ్లు నడిపి గెలిచాడు. ఆయనే వెంట ఉండి రాయించాడు. "అందుకే బిడ్డా, మీ చేను చేనే కాదని రాసిన్రు. మార్జిన్ అంటే చట్టం అడ్డం రాదు గద" అన్నాడు. నువ్వు పదేళ్ల చదువుతో నాకు చెప్పనిది ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

సోమ్లా ఆగలేకపోయాడు. పోయిన శనివారం పట్టపగలు, తండా అంతా చూస్తుండగా, మిల్లు నుంచి తెచ్చిన పానాతో బోర్డు ఎక్కి నాలుగు బోల్టులు ఊడదీశాడు. రేకు ఒక మూల వేలాడింది. గంటలో పోలీసులు వచ్చారు. స్టేషన్లో రెండు రోజులు ఉంచారు. కొట్టారని చెప్పడు, కానీ ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. వెదురు మోపు ఎత్తలేనివాడు పనికి ఎందుకని మిల్లు కాంట్రాక్టరు వద్దన్నాడు.

రెండు రోజులు స్టేషన్ బయట కూర్చున్నాను. వచ్చే ప్రతి బస్సులో నువ్వు దిగుతావేమోనని చూశాను. నీకు తెలియదని అనుకోను. మండలాఫీసుకు పోయిన సంగతి ఒక్క రోజులో చేరినప్పుడు ఇది చేరదా?

పూలికి నెలలు నిండి ఉంటాయి. ఆడపిల్లో మగపిల్లాడో ఎవరి ద్వారానైనా తెలియజెయ్యి. నువ్వు రాయనవసరం లేదు.

మంగ్లి

*

ఇప్పమాను తండా,
4-11-1987

హీరాలాల్‌కు,

నిన్న కోర్టులో నిన్ను చూశాను.

ఐదు నెలలుగా నేను ఎవరితో పోట్లాడుతున్నానో నాకే సరిగ్గా తెలియదు. ఏనుగుతోనా, వెంకటప్పయ్యతోనా, మీ ఆఫీసుతోనా అని. నిన్న తెలిసింది. పిలుపువాడు "రోడ్ల ఆఫీసు తరఫున సాక్షి, హీరాలాల్" అని కేకేశాడు. నువ్వు వెంకటప్పయ్య పక్క బెంచీ మీద నుంచి లేచావు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. నా ముందు నుంచే నడిచిపోయావు. తల వంచుకుని పోయావు. బోనులో నిలబడి ప్రమాణం చేశావు.

ఆ ప్రమాణం వినగానే నేను లేచాను. "గాయన నా తమ్ముడు సార్! నా బువ్వ తిన్నోడు! గాయన చెప్పేది నేను ఇనలేను!" అని అరిచానట. నాకు గుర్తు లేదు, ముసలయ్య చెప్పాడు. బంట్రోతు బయటికి పంపాడు. పంపకపోయినా పోయేదాన్నే. వంతెన దాకా నడిచి, బస్సెక్కి ఇంటికొచ్చి, తలుపు వేసుకున్నాను. సాయంత్రం ముసలయ్య వచ్చి పిలిస్తే పలకలేదు. పొద్దున మళ్లీ వచ్చి ఏదో చెప్పబోతే, ఆ పేరు నా ఇంట్లో ఎత్తవద్దని చెప్పాను. ఆయన చిన్నబోయి పోయాడు.

నువ్వు హాస్టల్‌కు పోయిన రోజు నీ ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని పాల్వంచ దాకా మోసింది నేను. నీకు చదువు కావాలని నా చదువు మానిపించినప్పుడు ఒక్క పూట కూడా ఏడవలేదు. వీడు చదివితే మన మీదికి వచ్చే కాగితాలను వీడు చదువుతాడు అన్నాడు బాపు. నువ్వు చదవలేదు. నువ్వే రాశావు.

కేసు ఓడిపోతే ఓడిపోతాను. చేను పోతే కూలికి పోతాను. కానీ నాకు తమ్ముడు ఉన్నాడని ఎవరితోనూ చెప్పను. ఇది ఆఖరు ఉత్తరం.

మంగ్లి

*

ఖమ్మం,
12-11-1987

అక్కా,

చింపకుండా చదువు. ఇది ముసలయ్య గారి చేతికి పంపుతున్నాను. నువ్వు చదవనంటే నీ గుమ్మంలో నిలబడి చదివి వినిపిస్తానన్నాడు. అక్షరాలు నెమ్మదిగా వస్తాయి ఆయనకు, అందుకని నువ్వే చదువుకుంటే మంచిది.

నువ్వు బయటికి పోయిన తర్వాత ఏం జరిగిందో చెప్తాను.

ఆఫీసువాళ్లు నన్ను పంపింది రెండు ముక్కలు చెప్పడానికి. "టైపు చేసింది నేను, ఫైల్లో ఉన్నదే చేశాను" అని. అంతే చెప్పి దిగాలి. నేను నా జేబులోంచి ఒక కాగితం తీసి అధికారికి ఇచ్చాను. అది ఆ పర్మిట్‌కు ముందు నేను టైపు చేసిన మరో కాగితం కార్బన్ కాపీ. మే నెలలో మా వర్క్ ఇన్‌స్పెక్టర్ మలుపు దగ్గరకు పోయి కొలిచి ఇచ్చిన రిపోర్టు మీద తయారైంది. అందులో "ఇది పట్టా భూమి, యజమాని ఒప్పుకోలు లేదు, పర్మిట్ ఇవ్వరాదు" అని ఉంది. మూడు రోజుల తర్వాత సూపరింటెండెంటు ఆ కాగితాన్ని ఫైల్లోంచి తీసేసి, "రోడ్డు మార్జిన్" అని చేత్తో రాసి మళ్లీ కొట్టమన్నాడు. కొట్టాను. పాత కార్బన్ కాపీ నా సొరుగులో మిగిలిపోయింది.

వెంకటప్పయ్య గారి వకీలు లేచి, "అర్జీ పెట్టినామె నీకు స్వయానా అక్క కాదా? అక్క కోసమే గద ఈ కాయితం పుట్టించినవ్?" అన్నాడు.

నేను, "అవ్ సార్, మా అక్కనే. అక్క కోసం పుట్టించినోన్నైతే జూన్ నెలనే తెస్తుంటి. ఐదు నెలలు దాచిన. గది నా తప్పు. కాయితం తప్పు కాదు" అన్నాను. వర్క్ ఇన్‌స్పెక్టర్‌ను పిలిపించి అడగమన్నాను. ఆయన రిటైరై ఇల్లెందులో ఉన్నాడు. మర్నాడు పిలిపించారు. ఆయన తన కొలతల పుస్తకం తెచ్చి చూపించాడట.

ఆగస్టులో రాయవద్దన్నది ఇందుకే. ఆ ఉత్తరం విప్పిన రోజు నుంచి నా సొరుగు రోజూ వెతుకుతున్నారు. కాపీ అప్పటికే పూలి చీరల పెట్టెలో పెట్టాను. నీకు ఒక్క మాట రాసినా, నువ్వు కోపంలో ఎక్కడో ఒక చోట అనేస్తావు. నీ కోపం నాకు తెలుసు. బావ స్టేషన్లో ఉన్న సంగతి నాకు నిజంగా తెలియదు. నీ సెప్టెంబరు ఉత్తరం వచ్చాకే తెలిసింది. ఆ రోజే బయలుదేరి పాల్వంచ దాకా వచ్చాను. బస్టాండులో మా ఆఫీసు డ్రైవరు కనిపించి, "సార్, ఎక్కడికి?" అన్నాడు. భయపడి వెనక్కి పోయాను. పిరికివాడివంటే ఒప్పుకుంటాను. అమ్ముడుపోయావంటే ఒప్పుకోను.

ఇంకా రెండు సంగతులు ఉన్నాయి. ఇవి కోర్టు అడగలేదు. నువ్వు కూడా అడగలేదు, ఎందుకంటే నీకు తెలియదు.

ఒకటి. అది మన చేనని నాకు తెలియదని రాశాను. అబద్ధం. సర్వే నంబరు టైపు చేస్తున్నప్పుడే తెలుసు. బాపు మనిద్దరికీ ఆ నంబరు పాటలాగా నేర్పించాడు, ఎట్లా మరిచిపోతాను?

రెండోది. వెంకటప్పయ్యకు ఆ మలుపు సంగతి చెప్పింది నేనే. ఏప్రిల్‌లో వరండాలో కూర్చుని, భద్రాచలం రోడ్డులో బోర్డుకు మంచి జాగా ఎక్కడ దొరుకుతుందని ఆయన అడిగాడు. నేను గొప్పగా, "మా అక్క చేను దగ్గర మలుపు ఉంది, ప్రతి బస్సూ మెల్లగా పోవాల్సిందే, కల్యాణానికి పోయే జనమంతా చూస్తారు" అన్నాను. ఇంటాయన నాకు కుర్చీ వేసి, టీ ఇచ్చి, నా సలహా అడిగాడు. ఖమ్మంలో నన్ను ఎవరూ ఏదీ అడగరు. ఆ సంతోషంలో చెప్పాను. నీకు కిరాయి ఇప్పించి, నేనే కుదిర్చానని చెప్పుకోవాలనుకున్నాను. వాళ్లు కిరాయి లేకుండా చేసే దారి వెతికారు. నేను నోరు మూసుకున్నాను. దరఖాస్తు కూడా చదవకుండానే పంపాను. చదివితే ఏం చెయ్యాల్సి వస్తుందోనని చదవలేదు.

ఆఫీసు కాగితం బయటికి తెచ్చానని నన్ను సస్పెండు చేశారు. విచారణ ఉంది. ఇల్లు ఖాళీ చేశాం. కొత్త అడ్రసు వెనక రాశాను. ఆడపిల్ల పుట్టింది, సెప్టెంబరు ఇరవై రెండున. తల్లీబిడ్డా బాగున్నారు. పేరు ఇంకా పెట్టలేదు.

నువ్వు జవాబు రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

హీరాలాల్

*

ఇప్పమాను తండా,
24-1-1988

హీరాలాల్‌కు,

రెండు నెలలు జవాబు రాయలేదు. చాలాసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ తిట్లే వచ్చాయి. కొన్ని తిట్లు నీకు చెందవు, కొన్ని చెందుతాయి. వేరు చేయడానికి ఇన్నాళ్లు పట్టింది.

ముందు కేసు సంగతి. పోయిన సోమవారం తీర్పు ఇచ్చారు. చేను నాదే. పర్మిట్ రద్దు. బోర్డు పెట్టినవాళ్లు సొంత ఖర్చుతో తీసేసి, భూమి మునుపు ఎట్లా ఉందో అట్లా చేసి అప్పగించాలి. తీర్పులో నీ పేరు రెండు చోట్ల ఉంది. "సాక్షి తన తప్పును దాచుకొనలేదు" అని ఒక చోట రాశారు. ముసలయ్య ఆ వరస నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. ఆయన మనసు నొప్పించినందుకు క్షమాపణ చెప్పాను. "నీ నోరు సల్లగుండ, గట్లనే ఉండు" అని నవ్వాడు.

తండాలో తొమ్మిది ఇళ్లవాళ్లూ హద్దు రాళ్లు చూసుకుంటున్నారు. రూప్లా చేలో కూడా రాయి జరిగి ఉంది. ఎవరికోసం జరిపారో రేపు తెలుస్తుంది. అర్జీ నేనే రాశాను. ఇప్పుడు నాకు రాయడం వచ్చింది.

సోమ్లా చెయ్యి కొంచెం లేస్తున్నది. మిల్లులో మళ్లీ తీసుకోలేదు. ఈ కోపం నాకు చచ్చేదాకా పోదు. తీర్పులో దాని గురించి ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు నీ సంగతి.

కోర్టులో నువ్వు చెప్పినదానికి నా కోపం పోయింది. నేను అరిచిన మాటలకు సిగ్గుపడుతున్నాను. పూర్తిగా వినకుండా లేచిపోవడం నా తప్పు. పాల్వంచ దాకా వచ్చి వెనక్కి పోయావు చూడు, అది చదివి తిట్టాను, తర్వాత ఏడ్చాను. కానీ ఆ వరండాలో కూర్చుని చెప్పిన మాట ఉంది కదా. నా చేను, నా బాపు చేను, ఎవడో టీ ఇచ్చాడని వాడి ముందు పరిచావు. ఆ కోపం పోలేదు. పోయిందని రాస్తే నేను కూడా అబద్ధాలు రాసినట్టే. నువ్వు నిజం చెప్పావు కాబట్టి నీకు నిజమే చెప్తున్నాను.

వాళ్లు మొన్న వచ్చి రేకు ఊడదీసుకుని పోయారు. స్తంభాలు కోసుకుని పోయారు. కింద సిమెంటు దిమ్మలు మాత్రం వదిలేశారు. "గవి తియ్యమని కాయితంల ఎక్కడ రాసున్నది?" అన్నాడు అదే మేస్త్రీ. రాసి ఉంది. చదివి చూపించాను. "మా సేటునడిగి వస్తం" అని పోయాడు, రాలేదు. రాడు. మళ్లీ అర్జీ పెడితే మళ్లీ ఆరు నెలలు. అప్పీలుకు పోతారని కూడా అంటున్నారు. పోనీ. వేసవి దుక్కికి ముందు నా చేను నాకు కావాలి.

ఒక్కో దిమ్మ మూడు అడుగుల లోతు ఉంది. నాలుగు దిమ్మలు. సోమ్లా ఒక చేత్తో గడ్డపార వెయ్యలేడు. దస్రు వస్తానన్నాడు. నేనున్నాను. ఇంకో మనిషి కావాలి.

నీకు ఇప్పుడు ఆఫీసు లేదు. వచ్చే ఆదివారం మొదటి బస్సుకు రా. పాత ప్యాంటు తెచ్చుకో. పూలినీ పిల్లనూ తీసుకురా, ఆ పిల్ల ముఖం నేనింకా చూడలేదు. పూలికి వేడి నీళ్లు, బిడ్డకు నూనె నేను చూసుకుంటాను. సోమ్లా నీతో మాట్లాడకపోవచ్చు. నువ్వే మాట్లాడించు.

నిన్ను క్షమించానని పిలవడం లేదు. పని ఉందని పిలుస్తున్నాను. తవ్వుతూ తిట్టుకుందాం.

మీ అక్క
మంగ్లి